బ్లాక్ అండ్ వైట్ ప్రింటులో ఛాయ: నాకు కుదిరిన పద్ధతి

ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తే ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి గులాబీగా వస్తోందని అడిగారు. నేనూ ఇందులో బోలెడు పేపరు తగలేశాను.

ఆ ప్రింటర్లలో చాలావాటికి బూడిద రంగు ఇంకు ఉండదు. నలుపుకి సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, లేత సయాన్, లేత మెజెంటా కలిపి బూడిద రంగు పుట్టిస్తాయి. ఏ ఒక్కటి చిటికెడు ఎక్కువైనా కన్ను పట్టేస్తుంది. పోనీ నల్ల ఇంకు ఒక్కటే వాడదామంటే బుగ్గలు, నుదురు లాంటి లేత చోట్ల చుక్కలు కనబడతాయి.

విజయనగరంలో మాదో చిన్న స్టూడియో. ఒకాయన వాళ్ల తాతగారి పాత ఫొటో పెద్దది చేయించుకున్నాడు. ట్యూబ్‌లైటు కింద శుభ్రంగా ఉన్న ప్రింటు, గుమ్మం దాటి ఎండలోకి వెళ్లేసరికి గులాబీ తేలింది. "ఏటి బాబూ, మా తాతకి పౌడరు రాసీసావా?" అన్నాడు. తప్పు నాదే. ఫొటోషాప్‌లో ప్రొఫైల్ (ఆ ఇంకుకీ పేపరుకీ రంగులు సరిచేసే ఫైలు) పెట్టి, డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, కలర్ కరెక్షన్ ఆపడం మర్చిపోయాను. ఒకే ఫొటోని రెండూ దిద్దాయి. ముందు అది చూసుకోండి.

తర్వాత తెలుపు నుంచి నలుపు దాకా ఐదేసి శాతం చొప్పున 21 గళ్ల పట్టీ ఒకటి తీయండి. వెంటనే తీర్పు చెప్పెయ్యకండి. డై ఇంకు (నీళ్లలో కరిగే రంగుతో చేసేది) ఆరేకొద్దీ ఛాయ కొంచెం మారుతుంది, వానాకాలంలో మరీ ఆలస్యం. మర్నాడు కిటికీ దగ్గర ఒకసారి, ఫొటో తగిలించే గోడ దగ్గర ఒకసారి చూడండి. ఆకుపచ్చ కొడితే ఫొటోషాప్‌లో మెజెంటా కాస్త పెంచండి, ఎర్రబారితే సయాన్. ఒక్కో అడుగే కదపండి. ఏ అంకె పెట్టారో పట్టీ వెనక పెన్సిల్‌తో రాసుకోండి, లేకపోతే నాలుగో పట్టీకి బుర్ర తిరుగుతుంది.

అన్ని వెలుగుల్లోనూ అచ్చమైన బూడిద రంగు ఈ ఇంకులతో రాదు. అందుకని నేను ఏకంగా పసుపు రవ్వంత పెంచి గోధుమ వైపు లాగేస్తాను. పాత ఫొటోకి ఆ వెచ్చదనం నప్పుతుంది, మొహం ఆకుపచ్చగా ఉంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. మిలమిలా తెల్లగా ఉండే పేపర్లు నీలం కొడతాయి, కాస్త మీగడ తెలుపున్న మ్యాట్ పేపరు నయం.

ఎగ్జిబిషన్ స్థాయి కావాలంటే బూడిద రంగు ఇంకులున్న ప్రింటరే మేలు. ఎప్సన్ పి700లో బ్లాక్ అండ్ వైట్‌కి ప్రత్యేక మోడ్ ఉంది, న్యూట్రల్, కూల్, వార్మ్, సెపియా (గోధుమ) ఛాయలు అందులోనే ఎంచుకోవచ్చు. మీ ప్రింటర్‌తోనే సాగిద్దామంటే ఒక్కటి గుర్తుంచుకోండి: ఇంకు గానీ పేపరు గానీ మార్చారా, ఆ పెన్సిల్ అంకెలు పనికిరావు, పట్టీ మళ్లీ తీయాల్సిందే.