వయొలిన్ పిల్లల చేతికివ్వండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా బడిలో తెలుగు, ఒడియా పిల్లలు కలిసి చదువుతారు. వయొలిన్, చెల్లో (వయొలిన్ లాంటిదే, బాగా పెద్దది), క్లారినెట్ (ఊదే వాద్యం) వాయించే మిత్రులు తరగతికి వచ్చి చూపిస్తామన్నారు. ఈ వాద్యాలు నేర్చుకోవాలని పిల్లలకు అనిపించాలంటే ఏం చేయాలి?
- ఒక టీచరమ్మ

జవాబు: ముందు ఉపన్యాసం మానేయమనండి టీచర్ గారూ. లోపలికి వస్తూనే వాయించాలి. పిల్లలకు తెలిసిన తెలుగు పాట ఒకటి, ఒడియా పాట ఒకటి. వయొలిన్ మీద విన్న అదే పాట చెల్లో మీద వినిపిస్తే గొంతు ఎందుకు మారిందని వాళ్లే అడుగుతారు. తీగల పొడవు, లావు సంగతి అప్పుడు చెప్పొచ్చు.

అసలు పని ముట్టుకోనివ్వడంలో ఉంది. పెద్దవాళ్ల వయొలిన్ చిన్నపిల్లలకు చెయ్యి అందదు. సగం సైజువి, ముప్పావు సైజువి ఉంటాయి, ఒకటైనా అరువు తెప్పించండి. మొదట ఎడమచేతి వేళ్లతో పనిలేదు, ఉత్త తీగ మీద కమాను లాగనిస్తే చాలు. కీచుమంటుంది, అందరూ నవ్వుతారు, నవ్వనివ్వండి. క్లారినెట్ మాత్రం నోటికివ్వొద్దు, ఎంగిలి. మీ మిత్రులు ఊదుతుంటే పిల్లలు కింది మీటలు నొక్కుతారు.

'ఇవి దొరల వాద్యాలు కదా' అనే పెద్దలుంటారు (ప్రతి ఊళ్లోనూ ఉంటారు!). మీకు దగ్గరలోని విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టారని, అక్కడ ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పారని చెప్పండి.

మిత్రులు వెళ్లేలోపే ఆసక్తి ఉన్న పిల్లల పేర్లు రాసుకోండి. వారానికోసారైనా వచ్చి నేర్పే మనిషి కుదిరాకే ఆ పిల్లలను పిలవండి.