కాడి, ఐదు బాణాల బ్యాడ్జీ

ప్రశ్న: మాడ్రిడ్‌లోని ఎల్ రాస్ట్రో సంతలో, వెనక సూది విరిగిన పాత బ్యాడ్జీ కొన్నాను. దాని మీద కాడి, ఐదు బాణాలు ఎర్రగా ఉన్నాయి. ఇది స్పెయిన్ నియంత ఫ్రాంకో కాలపు యువజన సంస్థదేనా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: గుర్తు ఒక్కటే చూసి అలా నిర్ణయించలేము. 15వ శతాబ్దంలో స్పెయిన్‌ను ఏలిన ఇసబెల్లా, ఫెర్డినాండ్ రాజదంపతుల కాడిని, బాణాలను 1930లలో స్పెయిన్ ఫాసిస్టు పార్టీ అయిన ఫలాంజె మొత్తం తన చిహ్నంగా చేసుకుంది. 1940 డిసెంబరు 6 నాటి చట్టంతో ఏర్పడిన ‘ఫ్రెంతె దె హువెంతుదెస్’ అనే ఫ్రాంకో ప్రభుత్వ యువజన సంస్థ బడిపిల్లలను తన పరిధిలోకి తెచ్చుకుని, స్వచ్ఛందంగా చేరినవారికి నీలి చొక్కా, కార్లిస్టులనే రాచరికవాదుల ఎర్ర టోపీ తొడిగించి, శిబిరాల ఆటపాటల నడుమ నాయకుడు ఫ్రాంకో పట్ల విధేయతను నూరిపోసింది. పసివారి ఉత్సాహాన్ని నియంతృత్వం అలా వాడుకోవడం నన్ను నేటికీ బాధిస్తుంది. బ్యాడ్జీతో పాటు సభ్యత్వ కార్డు దొరికితేనే అది ఆ సంస్థదని నమ్మండి.