ఐదేళ్లకే అంతా ఫిక్స్ అయిపోతుందా?

ప్రశ్న: మేడమ్, మా పాపకి మూడేళ్లు. కొత్తవాళ్లు కనిపిస్తే చాలు నా వెనక దూరిపోతుంది, పిల్లలందరూ ఆడుకుంటుంటే దూరంగా నించుని చూస్తూ ఉంటుంది. ఐదేళ్లలోపే మనిషి స్వభావం ఖాయం అయిపోతుందని చదివా, అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఇప్పుడే మార్చెయ్యాలా? లేటయిపోయిందా?

జవాబు: లేటూ కాలేదు, అర్జెంటుగా మార్చెయ్యాల్సిందీ ఏం లేదండి. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత మన బుర్రల్లో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, పిల్ల కాస్త బెరుగ్గా ఉంటే చాలు దాని పెళ్లిదాకా ఊహించేసుకుని భయపడిపోతాం.

సామెతలో కొంత నిజం ఉంది, కాదనను. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఇప్పటికీ ఫాలో అవుతున్నారు. మూడేళ్లప్పుడు బెరుగ్గా ఉన్నవాళ్లు 26 ఏళ్లకి కూడా మిగతావాళ్లకంటే కాస్త వెనక్కి తగ్గే రకంగానే ఉన్నారట, కానీ అది సగటు లెక్క, మీ పాప జాతకం కాదు.

న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అని భార్యాభర్తలు, ఇద్దరూ సైకియాట్రిస్టులే, 1956 నుంచి పిల్లల్ని పసితనంలోనే మొదలుపెట్టి ఏళ్లతరబడి గమనించారు. అందులో సుమారు 15 శాతం మంది అచ్చం మీ పాపలాగే, కొత్తది ఏదైనా ముందు వెనకడుగు వేసి, తొందరపెట్టకపోతే మెల్లగా కలిసిపోయేవాళ్లు. పుట్టుకతో వచ్చిన స్వభావానికీ ఇంట్లోవాళ్ల తీరుకీ పొసిగిందా లేదా అన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుందని వాళ్లు తేల్చారు. నాకైతే పెంపకం గురించి ఇంతకంటే పనికొచ్చే మాట కనపడలేదు. కవలల మీద చేసిన పరిశోధనల్లో కూడా మనుషుల మధ్య స్వభావంలో కనపడే తేడాల్లో దాదాపు సగమే జన్యువుల లెక్కలోకి వస్తుంది, పైగా ఒకే ఇంట్లో పెరిగినంత మాత్రాన ఒకేలా తయారవరు (ఇద్దరు పిల్లలున్నవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు!).

కాబట్టి పాపని గుంపులోకి తొయ్యకండి, అలాగని ప్రతిసారీ ఎత్తుకుని ఇంటికి తెచ్చెయ్యకండి కూడా, ఈ రెండోది ప్రేమలాగే ఉంటుంది కానీ బెరుకుని అలాగే నిలబెట్టేస్తుంది. కాస్త ముందే వెళ్లి కూర్చోండి, ముందు ఒక్క పాపతో ఆడుకోనివ్వండి. "మా పాపకి సిగ్గెక్కువ" అని దాని ముందే అందరికీ చెప్పడం మాత్రం ఈరోజే ఆపెయ్యండి ప్లీజ్, పిల్లలు అవన్నీ వింటారు, నమ్మేస్తారు కూడా.

ప్రశ్న: నాకు 23. నాన్న చెప్పిన కోర్సు చదివా, ఆయన చెప్పిన ఉద్యోగమే చేస్తున్నా. ఇప్పుడు నాకేం ఇష్టమో నాకే తెలీట్లేదు. మరీ మెత్తగా పెరిగాను, ఇంక మారనేమో అనిపిస్తోంది.

జవాబు: వయసు చూసి నువ్వు అనేస్తున్నా, ఏమనుకోకు. టీనేజ్‌లో తనెవరో వెతుక్కోవడమే పెద్ద పని అని సైకాలజిస్టు ఎరిక్ ఎరిక్సన్ అంటే, 1966లో జేమ్స్ మార్షియా అనే ఇంకో సైకాలజిస్టు ఇంకాస్త ముందుకెళ్లి, వెతుక్కోకుండానే పెద్దవాళ్ల ఛాయిస్‌ని తమదిగా తీసేసుకునేవాళ్లని ఒక రకంగా, ఏదీ తేలక వెతుకులాటలో ఉన్నవాళ్లని ఇంకో రకంగా విడదీశాడు. నువ్వు మొదటి దాంట్లోంచి రెండోదాంట్లోకి వచ్చావు, చికాకుగానే ఉంటుంది కానీ ఇది వెనకడుగు కాదు.

మారననే భయం వదిలెయ్. ఏళ్లతరబడి జనాన్ని గమనించిన 92 అధ్యయనాలని 2006లో కలిపి చూస్తే, స్వభావంలో ఎక్కువ మార్పు వచ్చేది 20 నుంచి 40 ఏళ్ల మధ్యేనని తేలింది, అంటే నీకింకా మొదలే.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానెయ్యకు. కుతూహలంగా అనిపించేది ఏదో ఒకటి సెలవురోజుల్లో కొన్ని నెలలు చేసి చూడు, ఊరికే ఆలోచిస్తూ కూర్చుంటే ఇష్టాలు తెలీవు. బోర్ కొడితే ఇంకోటి పట్టుకో. నాన్నకి కూడా చెప్పు, పర్మిషన్ కోసం కాదు, ఆయనకి తెలియడం కోసం.