అమెరికాలో స్పానిష్ మాట్లాడే పిల్లల సర్కారు బడి మూసేస్తే వాళ్ల భాషా హక్కు పోతుందా?

పోదు, ఆ హక్కు పిల్లలతో పాటే కొత్త బడికి వెళ్తుంది. 1974లో లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ హక్కేమిటో తేల్చింది. ఇంగ్లీషు రాని పిల్లలకు అందరిలాగే అవే పుస్తకాలు, అదే టీచరు ఇస్తే సరిపోదు, పాఠం అర్థమయ్యేలా సాయం చేయాలి. ఆ కేసు వేసింది శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ పిల్లల తరఫున. తీర్పు మాత్రం అన్ని భాషల వాళ్లకూ వర్తిస్తుంది.

ఉదాహరణకు, పిల్లల సంఖ్య తగ్గిందని టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి సర్కారు బడులను నడిపే సంస్థ) 2023 నవంబరులో 15 బడులు మూయాలని నిర్ణయించింది. అయినా ఆ రాష్ట్ర చట్టం ప్రకారం, ఒకే మాతృభాష ఉండి ఇంగ్లీషు సరిగా రాని పిల్లలు డిస్ట్రిక్ట్ మొత్తం మీద ఒకే తరగతిలో 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, ప్రాథమిక తరగతుల్లో రెండు భాషల్లో చదువు చెప్పాల్సిందే.

చాలామంది పొరబడేది ఒక్కచోట: హక్కు ఉంది కాబట్టి పాత బడిలో ఉన్నవన్నీ కొత్త బడిలోనూ దొరుకుతాయనుకుంటారు. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం సాయం చేయమంటుంది గానీ, ఫలానా పద్ధతిలోనే చేయమనదు. ఆఫీసు కిటికీ దగ్గర అమ్మతో స్పానిష్‌లో మాట్లాడి ఫారం నింపిపెట్టే క్లర్కు, నడిచి వెళ్లగలిగే దూరం, ఇవి ఏ తీర్పులోనూ లేవు. తల్లిదండ్రులు మూసివేతను అంత గట్టిగా వ్యతిరేకించేది వీటి కోసమే, అందులో న్యాయం ఉంది.