రాత్రివేళ సీసీ కెమెరాలో నడిచే మనుషుల ముఖాలు ఎందుకు చెదిరిపోతాయి?

రిజల్యూషన్‌ను గరిష్ఠంగా పెట్టినా రాత్రివేళ నడిచివెళ్లే మనిషి ముఖం చెదిరినట్లు కనిపిస్తోందంటే, చాలాసార్లు దానికి కారణం షట్టర్ వేగమే, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా కాంతిని తీసుకునే వ్యవధే. వెలుతురు తగ్గినప్పుడు, దాన్ని బట్టి తనంతట తానే సర్దుకునే ఆటో ఎక్స్‌పోజర్ ప్రతి ఫ్రేముకూ ఎక్కువసేపు కాంతిని తీసుకుంటుంది కాబట్టి, ఆ వ్యవధిలో మనిషి కదిలిన మేరకు బొమ్మ సాగిపోతుంది. కెమెరా ఇమేజ్ సెట్టింగ్స్‌లో షట్టర్‌ను 1/25 సెకను నుంచి 1/100 సెకనుకు మార్చి, ఎవరినైనా దాని ముందు నడిపించి, రికార్డయిన వీడియోను మధ్యలో ఆపి చూడండి. చిత్రం చీకటిగా మారుతుంది, నిజమే. కానీ దాన్ని సరిచేయడానికి గెయిన్ (చిత్రాన్ని ఎలక్ట్రానిక్‌గా ప్రకాశవంతం చేసే సెట్టింగ్) పెంచితే తెరంతా చుక్కలు నిండుతాయి, ఆ చుక్కలను అణచడానికి నాయిస్ రిడక్షన్ పెంచితే కదిలే మనిషి వెనుక నీడలాంటి చార మిగులుతుంది. అందువల్ల అక్కడ అదనంగా ఒక లైటు అమర్చుకోవడమే నా దృష్టిలో మేలైన మార్గం. కదలిక ఉన్నచోట చిత్రం గళ్లుగళ్లుగా విడిపోతుంటే మాత్రం బిట్‌రేట్ (సెకను వీడియోకు వాడే డేటా పరిమాణం) పెంచాలి.