ఇంగ్లండ్‌లో గార్డెన్‌లో బ్యాడ్జర్ బొరియ ఉంటే పూడ్చేయొచ్చా?

ఇంటికి ఎక్స్‌టెన్షన్ కట్టుకోడానికి అప్లై చేస్తే కౌన్సిల్ ప్లానింగ్ వాళ్ళు బ్యాడ్జర్ (మొహం మీద నలుపు తెలుపు చారలుండి, నేలలో బొరియలు తవ్వుకుని ఉండే అడవి జంతువు) సర్వే అడిగారు, గార్డెన్ చివర ఒక బొరియ ఉంది, గుట్టుగా మట్టి పోసేస్తే ఎవరికి తెలుస్తుంది అని మీరు అడిగారు కదా. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి.

మాదీ సేమ్ కథ. మా బిల్డర్ అయితే అది నక్కదిలే సార్, రేపు పూడ్చేస్తా అన్నాడు, నేనూ తలూపేసేవాడినే, మా ఆవిడ పట్టుబట్టి సర్వే చేయించింది కాబట్టి బతికిపోయాం. సర్వేకి వచ్చినావిడ బొరియ చూడగానే చెప్పేసింది, నక్కది నిలువుగా ఉంటుంది, బ్యాడ్జర్‌ది ఇంగ్లిష్ డి (D) అక్షరాన్ని బోర్లా పడుకోబెట్టినట్టు ఎత్తు తక్కువ వెడల్పు ఎక్కువ. ముందు పెద్ద మట్టి కుప్ప, అందులో ఎండుగడ్డి, అది దాని పాత పరుపట! తర్వాత ఫెన్స్ కింద తీగకి చిక్కిన ఒక్క వెంట్రుక తీసి నా చేతికిచ్చి వేళ్ళ మధ్య తిప్పమంది. మన జుట్టులా నున్నగా దొర్లదండీ, పలకలున్నట్టు తగులుతుంది, మధ్యలో నలుపు, రెండు చివర్లా తెలుపు. కాస్త అవతల చిన్న చిన్న గుంటల్లో పెంట, పైన మట్టి కూడా కప్పదు.

బ్యాడ్జర్లని కాపాడే చట్టం 1992ది. ఇదేదో అంతరించిపోతున్న జంతువని కాదు, కుక్కల్ని ఉసిగొల్పి హింసించేవాళ్ళని ఆపడానికి. చంపడమే కాదు, వాడకంలో ఉన్న బొరియని కదిలించినా నేరమే, ఆ టైమ్‌లో అది లోపల లేకపోయినా సరే. ఆరు నెలల దాకా జైలు, ఫైన్‌కి లిమిట్ లేదు.

బొరియ మూయక తప్పదంటే నేచురల్ ఇంగ్లండ్ (వన్యప్రాణుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) లైసెన్స్ కావాలి, అది మామూలుగా జులై 1 నుంచి నవంబర్ 30 లోపు పనికే ఇస్తారు, మిగతా నెలల్లో లోపల పిల్లలుంటాయని. మాకు మార్చిలో సర్వే అయింది, ఇక జులై దాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాం. (సర్వే మాత్రం దురదగొండి మొక్కలు పెరగకముందే చేయించుకోండి, తర్వాత ఏమీ కనపడదు.) లైసెన్స్ వచ్చాక బొరియ నోటికి, బయటికి వెళ్ళడమే తప్ప తిరిగి రాలేని గేట్ పెట్టి, అది మళ్ళీ లోపలికి పోలేదని 21 రోజులు చూడాలి. మాది 13వ రోజున గేట్ పక్కనే తవ్వుకుని లోపలికి పోయింది, లెక్క మళ్ళీ ఒకటి నుంచి.

అందుకే లైసెన్స్ చేతికొచ్చేదాకా బిల్డర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.