నీళ్లు మారితే జుట్టు రాలుతుందా?

ఊరు మారాక బోరు నీళ్ల వల్లే జుట్టు రాలుతోందా, ఆడవారికీ మగవారికీ కారణాలు ఒకటేనా అని మీరు అడిగారు. నేనూ మొదట నీళ్లనే తిట్టుకున్నాను. హైదరాబాదులో ఇల్లు మారిన కొత్తలో తలంటుకున్న ప్రతిసారీ స్నానాలగదిలో జాలీ మీద జుట్టు ఉండలా చేరేది. జడకు రెండు చుట్లు తిరిగే రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు తిరిగేది. కుళాయికి ఫిల్టరు పెట్టించినా, షాంపూలు మార్చినా ఫలితం లేకపోయింది.

చర్మవ్యాధుల వైద్యురాలు నీళ్ల ఊసే ఎత్తకుండా, మూడు నెలల క్రితం ఒంట్లో ఎలా ఉండేదని అడిగారు. అప్పుడే నాకు డెంగీ వచ్చి తగ్గింది. తీవ్రమైన జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి ఒక్కసారిగా తగ్గించడం వంటివి ఒంటిని కుదిపినప్పుడు, ఇంకా పెరగవలసిన వెంట్రుకలు కూడా ఒక్కుమ్మడిగా విశ్రాంతి దశలోకి వెళ్తాయని, ఆ దశ సుమారు మూడు నెలలు ఉంటుంది కనుక రాలడం ఆలస్యంగా మొదలవుతుందని, ఈలోగా మనం జ్వరం సంగతి మరచి కళ్లెదుటి నీళ్ల మీద నేరం మోపుతామని ఆమె వివరించారు. రాలిన వెంట్రుక చివరనున్న తెల్లటి బుడిపెను చూసి కుదురే ఊడిందని నేను భయపడ్డాను. కుదురు చర్మంలోనే భద్రంగా ఉందట. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగానే ఉంది, ఒంట్లో ఐరన్ నిల్వను తెలిపే ఫెర్రిటిన్ తక్కువగా ఉంది. ఐరన్ మాత్రలు వాడాను. ఆరు నెలలకు పాపిట పక్కన దువ్వెనకు లొంగని పొట్టి వెంట్రుకలు లేచాయి.

మా తమ్ముడిది వేరు. వాడి దిండు మీద వెంట్రుకలు పెద్దగా కనిపించేవి కావు, నుదురు మాత్రం ఏటేటా రెండు వైపులా పైకి జరిగింది. వంశపారంపర్యంగా ఆ గుణమున్న కుదుళ్లు డీహెచ్‌టీ అనే హార్మోను ప్రభావానికి క్రమంగా కుంచించుకుపోయి, చివరికి నూగు వెంట్రుకలనే ఇస్తాయి. ఇది మేనమామ పోలికేనని మా ఇంట్లో అనేవారు గానీ, తండ్రి వైపు నుంచీ వస్తుంది. ఆడవారికి ఇదే వస్తే సాధారణంగా నుదుటి అంచు నిలిచి, పాపిట వెడల్పవుతుంది. నాణెమంత గుండ్రంగా ఊడే పేనుకొరుకుడుకు, పేరెలా ఉన్నా, పేనుతో సంబంధం లేదు; శరీర రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేస్తుంది. (దానికి ఉల్లిరసం రుద్ది చర్మం మండించుకున్న బంధువు మాకొకరున్నారు.)

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. ఉప్పునీళ్లకు వెంట్రుక బిరుసెక్కి మధ్యలో తెగవచ్చు. కనుక రాలినదాన్ని వెలుతురులో పట్టి చూడండి. చివర తెల్లటి బుడిపె ఉంటే, రాలడం మొదలైన రోజు నుంచి రెండు మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టి, అప్పుడేం జరిగిందో డాక్టరుకు మొదట చెప్పండి.